పక్కకి ఒరిగిన పికప్

"మీరు ఎత్తు పెంచి ఇచ్చిన నా బండి ఎడం పక్కకి ఒరిగి నడుస్తోందండి."

కారు కింద పడుకుని పనిచేస్తున్న ఆమెకి ముందు ఒక జత మట్టి బూట్లు కనిపించాయి. బయటికి జరిగి చూస్తే ఆ బూట్లలో మొక్కలబ్బాయి నిలబడి ఉన్నాడు. నర్సరీ నడిపే అతను, బురద దారుల్లో బండి అడుగు భాగం నేలకి తగలకుండా తన పికప్‌ని నాలుగు అంగుళాలు ఎత్తు పెంచమని నెల కిందట వచ్చాడు. నాన్నా తనూ కలిసి ఒక్క రోజులో చేసి ఇచ్చారు.

"ఒరిగింది బండా, మీరా? తల అలా పక్కకి వాల్చి చూస్తున్నారు."

"రోజూ దాన్ని చూసి చూసి మెడ అలవాటు పడిపోయిందండి."

నవ్వొచ్చింది కానీ మింగేసింది. ముప్ఫై ఏళ్లుగా నాన్న మెకానిక్ షాపు పనికి ఎవరూ వంక పెట్టలేదు. వచ్చే నెల నుంచి షాపు నువ్వే చూసుకో అని నాన్న మొన్ననే అన్నాడు. పగ్గాలు చేతికి రాకముందే ఫిర్యాదు గుమ్మంలో దిగింది.

"లోడంతా ఒక పక్కనే వేసుంటారు," అంది.

"మొక్కలకి పక్షపాతం ఉండదండి."

"కుండీలకి ఉంటుంది. దించండి."

అతను ఇరవై మూడు కుండీలూ దించాడు. బండి మాత్రం అలకబూనిన పెద్దమనిషిలా అలాగే ఒరిగి ఉంది. టైర్లలో గాలి చూసింది, నాలుగింటికీ సమానమే. నేల మీద రసమట్టం పెట్టింది, నేల తప్పు కూడా కాదు. ఇక కొలవాల్సిందే. టేపు ఒక కొస అతని చేతికిచ్చి చక్రం మధ్యలో ఆనించమంది. రెండో కొస తను మడ్‌గార్డు అంచుకి పట్టింది.

"ఎంతుంది?"

అతని చూపు టేపు మీద లేదు.

"నన్ను కాదండి, అంకె చూడండి."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ముందు ఎడం వైపు అంగుళం తక్కువండి," అన్నాడు రెండు పక్కలా కొలిచాక.

ఆమె జాకీ తెచ్చి వెనక ఇరుసుకి సరిగ్గా నడుమ పెట్టి, వెనక చక్రాలు రెండూ నేల వదిలేదాకా లేపింది. అప్పటిదాకా ఒరిగి ఉన్న ముందు భాగం బుద్ధిగా నిటారుగా నిలబడింది.

"తగ్గింది ముందు కదా, వెనక లేపుతారేంటండి?"

"పన్ను పాడైతే చెవి పోటు రాదా? ఇదీ అంతే. జబ్బు వెనకుంది."

కిందికి దూరింది. బరువు మోసే స్ప్రింగు పట్టీల్లో ఎడమ కమాను చక్కగా ఉంది. కుడి కమాను దగ్గర టార్చి ఆగిపోయింది. బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్, పిండిన బట్టలా మెలి తిరిగి ఉంది. అంటే ఎడమ వైపు దిగలేదు. కుడి వైపే దిగాల్సినంత దిగకుండా బిగుసుకుపోయి, ఎదురు మూలనున్న ముందు ఎడం వైపుని కిందికి తోస్తోంది.

ఆ రోజు గుర్తొచ్చింది. బండి గాల్లో ఉండి చక్రాలు వేలాడుతుండగానే కుడి వైపు బోల్టులు పూర్తిగా బిగించేసింది తనే. ఎడమవి నాన్న బండిని నేలకి దించి, బరువు పడ్డాక, రబ్బరు మెలి పడకుండా బిగించాడు. అలాగే బిగించాలని పదహారో ఏట తనకి నేర్పింది కూడా ఆయనే.

"ఏమైందండి?" అని అతను వంగి చూశాడు.

"నా తొందర," అంది మెల్లగా. జరిగింది విడమరిచి చెప్పింది.

అంతలో స్పేర్ పార్టులు పట్టుకుని నాన్న వచ్చాడు. "ఏం బాబూ, ఏంటి కథ?"

ఆమె నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "ఏం లేదండి. నేనే చూసుకోక గుంతలో దించాను. నాదే తప్పు."

ఆమె టార్చి ఆర్పి లేచి నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది. "గుంతా లేదు, గొయ్యీ లేదు నాన్నా. కుడి వైపు బోల్టులు గాల్లో ఉండగా బిగించేశాను. ఆయన ఊరికే నన్ను వెనకేసుకొస్తున్నారు."

నాన్న ఒకసారి కూతుర్ని, ఒకసారి అతన్ని చూశాడు. "నా మొదటి ఏడాదిలో ఒకాయన బండికి నేనూ ఇదే చేశాను. చెప్పడానికి నాకు వారం పట్టింది," అన్నాడు. "సరే, జాకీ దించి బోల్టులు వదులు చెయ్యి." పార్టులు సర్దుకోవడానికి లోపలికి వెళ్లాడు.

నేల మీద నిలబెట్టి బోల్టులు వదులు చేయగానే బండి కిర్రుమని మూలిగి సర్దుకుంది. మళ్లీ లేపి కొత్త బుష్‌లు వేసి, నేలకి దించి నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించింది. ఈసారి టేపు రెండు వైపులా ఒకే అంకె చెప్పింది. బయట వాన అందుకుంది. కుండీలన్నీ తడుస్తున్నా అతనికి పట్టలేదు.

"నా బదులు ఇంకెప్పుడూ అబద్ధం చెప్పకండి. నా తప్పు చెప్పుకోడానికి నాకు నోరుంది."

"తప్పేనండి. చెప్పను." చేతికంటిన మట్టి తుడుచుకున్నాడు. "అయితే ఇంకో నిజం కూడా చెప్పేయాలి. బండి ఒరిగిందని మూడు వారాల కిందటే తెలుసు నాకు."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"వస్తే మీరు బాగుచేసేస్తారు. ఆ తర్వాత ఇక్కడికి రావడానికి నాకు వంక దొరకదు. అందుకే దాచుకున్నాను."

ఆమెకి ముందు కోపం వచ్చింది. "మూడు వారాలు అలా తిప్పితే రబ్బరు ఏమవుతుందో తెలుసా? మధ్యలో తెగితే?" అని గుక్క తిప్పుకోకుండా దులిపేసింది. అతను తలొంచుకుని అంతా విన్నాడు. తిట్లు అయిపోయేసరికి ఆమె కోపం కూడా దిగిపోయింది.

"ఆదివారం షాపు సెలవు," అంది టేపు చుడుతూ, అతని వైపు చూడకుండా. "మేం ఇంట్లోనే ఉంటాం. వెనకే ఇల్లు."

ఆదివారం పొద్దున అతను ఉతికిన చొక్కాలో, బస్సు దిగి నడిచొచ్చాడు. వరండాలో పేపరు చదువుకుంటున్న నాన్న వీధిలోకి తొంగి చూశాడు.

"బండేది బాబూ? మళ్లీ ఏమైనా తేడా చేసిందా?"

"బండి బ్రహ్మాండంగా ఉందండి," అన్నాడు అతను. "ఇవాళ నేనే వచ్చాను."

తలుపు వెనక నిలబడ్డ కూతురి నీడ నాన్న కంటపడింది. ఆయన పేపరు మడిచి, పక్కనున్న కుర్చీ మీది దుమ్ము దులిపి, అతని వైపు జరిపాడు.