సున్నా చూపించిన సీసా

“నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మరి ఎర్రజెండా ఎందుకు పాతారు?”

మొలలోతు సముద్రంలో సీసా నింపుకుంటున్న ల్యాబ్ అమ్మాయి వెనక్కి తిరిగింది. ఒడ్డున ఈత కోచ్, నడుము మీద చేతులు పెట్టుకుని, వాన ఆమే కురిపించినట్టు చూస్తున్నాడు.

“నిన్నటి వానకి ఊళ్ళో మురుగంతా ఇందులోకే వచ్చింది. క్రిములు కంటికి కనిపించవు సార్.”

“ఎప్పటికి తేలుతుంది?”

“రేపు ఈ పాటికి.”

“ఎల్లుండి ఆదివారమే ఇక్కడ ఈత పోటీ, నేనూ దిగుతున్నాను. బుధవారంతో నాకు పోటీకి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి ఛాన్స్.”

ఆమెకు జాలేసింది. అంత పొడుగు మనిషి మూతి ముడుచుకోవడం కాస్త నచ్చింది కూడా. అయినా తల వంచుకుని సీసాకు లేబుల్ అంటించింది.

గంట తర్వాత అతనే ఒక సీసా నింపుకుని ల్యాబ్‌కి వచ్చాడు. “మీ మీద అనుమానం కాదు. నా తృప్తి కోసం.”

“అనుమానమే. ఇలా ఇవ్వండి.”

మర్నాడు ఆమె సీసాలో క్రిములు హద్దుకు మూడింతలున్నాయి. అతని సీసాలో సున్నా.

“చూశారా,” అన్నాడు అతను, మొహం వెలిగిపోతుంటే.

“వాన పడ్డాక సముద్రంలో సున్నా రావడం నేనెప్పుడూ చూడలేదు. సీసా దేంతో కడిగారు?”

“బ్లీచింగ్ పౌడర్‌తో. మీరు వంక పెట్టకూడదని కొంచెం ఎక్కువే వేశాను.”

“అదే లోపల మిగిలిపోయి అన్నిటినీ చంపేసింది.”

ఆమె నవ్వాపుకోలేకపోయింది. అతనూ నవ్వాడు గానీ, ఎక్కువసేపు నవ్వలేకపోయాడు.

సీసా ఎవరు తెచ్చినా రిపోర్టు ఇవ్వాలన్నది ల్యాబ్ రూలు. ఆ సున్నా కాగితం చూపిస్తే నిర్వాహకులు కళ్ళు మూసుకుని పోటీ జరిపేస్తారని ఇద్దరికీ తెలుసు. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమంతా ఆమె చూపు ఫోన్ మీదే ఉంది.

సాయంత్రం నిర్వాహకుడు ఫోన్ చేశాడు. కోచ్ స్వయంగా వచ్చి తన సీసా తప్పని చెప్పాడట. పోటీని వారం వాయిదా వేశారట.

ఆమె బీచ్‌కి వెళ్ళేసరికి అతను ఇసుకలో కూర్చుని ఉన్నాడు.

“ఆ కాగితం చూపిస్తే ఈదేవాళ్ళు కదా.”

“నాతోపాటు ఇంకో నలభై మంది దిగేవాళ్ళు.”

“నా మాట కోసం మానేశారేమో అనుకున్నాను.”

“మీ కోసమైతే దిగేవాణ్ణే. జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడితే చూడ్డానికి వస్తారని.”

ఆమె అతని పక్కనే ఇసుకలో కూర్చుంది. “ఆస్పత్రి దాకా ఎందుకు? రేపు మా ఇంటికి భోజనానికి రండి. నాన్నకి మీ గురించి చెప్పాను.”

“ఏమని?”

“పోటీకి వయసు దాటింది గానీ, పెళ్ళికి దాటలేదని.”