మరక లేని కోటు

ఇస్త్రీ పెట్టె ఇంకా వేడెక్కనే లేదు, ఆమె కాళ్లు అప్పుడే పీకడం మొదలుపెట్టాయి. మందుల షాపులో రోజుకు తొమ్మిది గంటలు నిలబడే మనిషికి ఇది కొత్త కాదు. భర్త తెల్లారకముందే డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆమె తల్లి బల్ల దగ్గర కూర్చుని బీన్స్ తరుగుతోంది. కూతురు అద్దం ముందు నుంచి ఎంతకీ కదలడం లేదు.

కూతురి ల్యాబు కోటు పరిచి పెట్టె ఆనించింది. రసాయనశాస్త్రం రెండో సంవత్సరం పిల్ల కోటు, ఈ ఏడాది కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"చూశావా అమ్మా, నీ మనవరాలికి ఎంత శుభ్రత వచ్చిందో! పోయినేడాది పాత కోటు నిండా మరకలే. ఈ కొత్తదాని మీద చుక్క లేదు."

తల్లి చాకు ఆపి కోటు వైపు చూసింది. ఏదో అనబోయి మానేసి, మళ్లీ బీన్స్ అందుకుంది.

"ఇదిగో, ఒకసారి ఇటు రా" అని ఆమె కూతుర్ని పిలిచి రెండు కాగితాలు చేతిలో పెట్టింది. ఆమె చదివిన కాలేజీ వాళ్లు పాత విద్యార్థులతో పుస్తకం వేస్తున్నారు. చదువుకునే రోజుల నాటి మీకు మీరే ఒక ఉత్తరం రాసుకోండి అన్నారు. నాలుగు రోజులు కష్టపడి, షాపులో ఒక మందుల చీటీకీ ఇంకో చీటీకీ మధ్య రాసింది. "తప్పులుంటే దిద్దు. ఇవాళే పంపాలి."

కూతురు పైకే చదివింది. "రోజూ క్లాసుకి వెళ్లు. ముందు బెంచీలో కూర్చో. తెలియనిది సిగ్గుపడకుండా అడుగు. చదివేటప్పుడు ఫోను అవతల పడేయ్..."

ఆగింది. "అమ్మా, నీ కాలేజీ రోజుల్లో ఫోనెక్కడిది?"

అమ్మమ్మ కిసుక్కున నవ్వింది. "మా ఇంట్లో రేడియోకే దిక్కులేదు!"

ఆమె మొహం ఎర్రబడింది. "ఏదో పొరపాటున రాశాను. కొట్టేయ్ ఆ ముక్క."

"కొట్టేస్తే మాత్రం? ఇది నీకు రాసుకున్నది కాదు. మొత్తం నాకే రాశావు."

"రాస్తే ఏం? తొమ్మిది గంటలు నిలబడుతున్నది ఎవరి కోసం? ఆ నాలుగు మాటలు చెప్పే హక్కు కూడా లేదా నాకు?"

"రోజూ చెప్తూనే ఉన్నావుగా! షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ మా అమ్మాయి క్లాసులో ఫస్టు అని చెప్తావు. అది విన్నాక ఇంక నేనేం చెప్పను నీకు?" పిల్ల కాగితాలు బల్ల మీద పెట్టేసింది. "నేను రెండు నెలలుగా కాలేజీకి వెళ్లడం లేదమ్మా."

ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉండిపోయింది. అమ్మమ్మ లేచి స్విచ్ ఆపింది.

"రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ రోజు చెప్పలేకపోయాను. మర్నాడు క్లాసుకి పోవాలంటే సిగ్గేసింది. ఆ మర్నాడు ఇంకా సిగ్గేసింది. హాజరు చాలదని లెటరొచ్చింది, దాచేశాను. ఈ శుక్రవారంలోగా ఇంట్లోవాళ్లని తీసుకెళ్లి మాట్లాడకపోతే ఏడాది పోతుంది."

"పొద్దున్నే బాక్సు కట్టించుకుని, ఉతికిన కోటు వేసుకుని... ఎవర్నే వెర్రిదాన్ని చేస్తున్నావు?" ఆమె గొంతు పక్కింటి దాకా వినిపించేలా లేచింది. "ఇన్నాళ్లూ నా ఎదురుగా కూర్చుని అబద్ధాలా? ఇలా పెంచానా నిన్ను?"

"అరవకే" అంది అమ్మమ్మ. "నీ కోటూ ఇలాగే వచ్చేది."

"ఏం కోటు?"

"మూడో ఏడు. అంతకుముందు వారం వారం చేత్తో ఉతికేదాన్ని. యాసిడ్ చిల్లులు, నల్ల మరకలు, ఎంత రుద్దినా పోయేవి కావు. ఉన్నట్టుండి కొత్త మరక ఒక్కటీ లేకుండా రావడం మొదలైంది. మూడు నెలలు."

ఆ మూడు నెలలూ ఆమె కాలేజీ గడప తొక్కలేదు. ఇరవై ఆరేళ్లుగా ఎవరికీ తెలియదనుకున్న సంగతి అది. ఒక ఏడాది వెనకబడితే ఆరోగ్యం బాగాలేదని అందరికీ చెప్పింది, భర్తకు కూడా. చెప్పగా చెప్పగా తనే నమ్మేసింది.

"తెలిసీ అడగలేదా అమ్మా?"

"నువ్వే చెప్తావని చూశాను. మీ నాన్న కేకలేస్తారని భయం ఒకటి. అడగాల్సింది. నీకు ఏడాది పోయిందంటే అందులో సగం తప్పు నాదే." అమ్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "దీని కోటు పది రోజులుగా చూస్తున్నాను. మళ్లీ నోరు మూసుకుని కూర్చున్నాను చూడు, ముసలిదాన్ని!"

ఆమె కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూలబడింది. కోపం ఎటు పోయిందో తెలియదు, అలసట మాత్రం మిగిలింది.

"రోజంతా ఎక్కడుంటున్నావే?"

"బస్టాండులో."

"ఎండ పడుతుందిగా మధ్యాహ్నం."

"టికెట్ల కిటికీ వెనకాల బెంచీ ఉంది. అక్కడ పడదు."

"నాకు అప్పట్లో ఆ బస్టాండులో మూడు రోజులు వెతికితే గానీ అలాంటి చోటు దొరకలేదు" అంది ఆమె. నవ్వబోయింది, ఏడుపొచ్చింది. కూతురు తల్లి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మమ్మ ఇద్దరికీ కలిపి ఒకటే గ్లాసు మంచినీళ్లు తెచ్చి మధ్యలో పెట్టింది.

"ఆ లెటరు తే. మొహం కడుక్కుని తయారవు, ఇప్పుడే వెళ్దాం. షాపుకి సెలవు చెప్తాను. రెండు సబ్జెక్టులే కదా, నీ తల్లి నాలుగు తప్పింది."

"నాలుగా?" పిల్ల ముక్కు తుడుచుకుంటూ తలెత్తింది.

"ఫస్టు అని మీ అమ్మ షాపులో ఊరికే చెప్తోందనుకున్నావా? తప్పడంలో తనే ఫస్టు మనింట్లో" అంది అమ్మమ్మ.

కూతురు స్నానాల గదిలోకి వెళ్లాక ఆమె కాగితాలు దగ్గరికి లాక్కుని, రాసిందంతా అడ్డంగా కొట్టేసింది. పెన్ను చాలాసేపు చేతిలోనే ఉంది. చివరికి కింద మిగిలిన జాగాలో, ఇరవై ఆరేళ్ల కిందట బస్టాండులో బాక్సు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ పిల్లకి రెండే వాక్యాలు రాసింది.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పెయ్. ఆవిడకి ఎప్పుడో తెలుసు.