రుమాలు వేసిన సీటు

మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ స్కోఫీల్డ్స్ పేటలో శనివారం మధ్యాహ్నం అంటే లాన్ మూవర్ల మోత, దండేల మీద ఆరుతున్న దుప్పట్లు, ఎవరింట్లోంచో ఇంగువ పోపు వాసన. అలాంటి మధ్యాహ్నం, రెండు గంటలకి, శ్యామసుందరి కారు తీసుకుని మొగుణ్ణి తెచ్చుకోడానికి క్లబ్బుకి బయల్దేరింది.

ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళు. పన్నెండేళ్ళుగా పాథాలజీ సెంటర్లో జనం దగ్గర రక్తం తీస్తోంది. పొద్దున్న మలమూత్రాల డబ్బాలకి పేర్లు రాసి, మధ్యాహ్నం నిశ్చింతగా పెరుగన్నం తినగల మనిషి. అసహ్యం అన్న మాట ఆవిడ నోట రావాలంటే గట్టి కారణమే ఉండాలి. ఆ క్లబ్బంటే ఆవిడకి అసహ్యం. పదకొండు నెలల్నించి ఆవిడ మొగుడు ద్వారకానాథ్ ప్రతి శనివారం అక్కడే ఉంటున్నాడు. మొదట్లో గంట. తర్వాత ఒక పూట. ఇప్పుడు తెరిచినప్పటి నుంచి మూసేదాకా. ఇవాళ వెంట రాకపోతే ఇంటి తాళం మార్పించేస్తానని పొద్దున్నే మెసేజ్ పెట్టింది. ఆవిడ ఊరికే అనదని అతనికి తెలుసు. అయినా జవాబు రాలేదు.

తలుపు దగ్గర అమ్మాయి లైసెన్సు స్కాన్ చేసి, "ఎంజాయ్ యువర్ ఆర్వో" అంది. ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం. పిల్లలు చిప్స్ తింటున్న హాలు దాటి, ఒక నల్ల గాజు తలుపు తోస్తే చీకటి. బయట ఎండ కాస్తోందన్న సంగతి ఆ గదికి ఎవరూ చెప్పినట్టు లేదు. కిటికీ లేదు. గోడ మీద గడియారం ఉంది, దాని వంక చూసేవాళ్ళు లేరు. వరసగా పేకాట జూదం మెషీన్లు, ఒక్కో మెషీన్ ముందు ఒక్కో వంగిన వీపు.

ముందు వాసన తగిలింది. పులిసిన బీరు. తివాచీలో ఇంకిపోయిన వేపుడు నూనె. ఆ రెండింటి అడుగున ఇంకోటి, ఆవిడకి వృత్తిరీత్యా బాగా తెలిసిన వాసన. ఉచ్చ. ఇవాళ్టిది కాదు. ఎండి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఎండినది. లేస్తే సీటు పోతుందని కొంతమంది లేవరని ఎవరో చెప్తే ఆవిడ నమ్మలేదు. ఇప్పుడు నమ్మింది.

ద్వారకానాథ్ చివరి వరసలో, మూల మెషీన్ ముందున్నాడు. చొక్కా కాలరు నల్లబడింది. చెంప మీద తెర రంగులు పాకుతున్నాయి.

"లేవండి."

"ఒక్క నిమిషం సుందరీ. చూడు, నాలుగు జాకీలు పడ్డాయి. రెండొందల యాభై డాలర్లు."

"సంతోషం. తీసుకుని పదండి."

"డబుల్ అడుగుతోంటే తీసుకోవడమేంటి?"

తెర కింద రెండు మీటలు వెలిగి ఆరుతున్నాయి. ఒకటి టేక్, ఒకటి డబుల్.

"డబుల్ నొక్కితే అది ఒక ముక్క చూపిస్తుంది. బోర్లా ఉన్న నాలుగింట్లో మనం ఒకటి తియ్యాలి. మనది పెద్దదైతే సొమ్ము రెట్టింపు. చిన్నదైతే మొత్తం పోతుంది." అతని గొంతు పాఠం చెప్తున్నట్టు మారింది. "నేను లెక్క కట్టాను. ఈ గది మొత్తంలో నిజాయితీగల పందెం ఇదొక్కటే. మిగతా ఆటలో మెషీన్ తన వాటా లాగుతుంది. ఇందులో సెంటు తీసుకోదు. సగానికి సగం."

"డబ్బు తీసుకోకుండా ఇంకేం తీసుకుంటోందో అదీ కట్టారా లెక్క?"

"స్టాటిస్టిక్స్ చదివినవాడికి నువ్వు చెప్తావేంటే?"

"చదివారుగా. ఆ చదువుతోటే స్నానం కూడా చెయ్యొచ్చు."

అతను నవ్వాడు. ఆ నోటి వాసనకి ఆవిడ మొహం తిప్పుకుంది.

"బాత్రూంకెళ్ళొస్తా. ఇక్కడే నిలబడు. ఏదీ నొక్కకు." జేబులోంచి నీలం గళ్ళ రుమాలు తీసి సీటు మీద పరిచాడు.

"ఇదేమన్నా గుడివాడ బస్సా, రుమాలు వేస్తే సీటు ఆగడానికి?"

"ఇక్కడ తెల్లవాళ్ళకి కూడా తెలుసే. ఇదుంటే ఎవరూ కూర్చోరు." రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, ఆవిడ చెవి దగ్గర గుసగుసగా అన్నాడు. "నువ్వు కూడా కూర్చోకు."

"ఎందుకూ?"

అతను అప్పటికే వెళ్ళిపోయాడు. నడుస్తోంటే అతని మోకాళ్ళు ఇంకా కూర్చున్నట్టే వంగి ఉన్నాయి.

శ్యామసుందరి నిలబడే ఆలోచించింది. టేక్ నొక్కితే ఆ డబ్బు పెట్టి మళ్ళీ ఆడతాడు. అదే డబుల్ నొక్కి ఓడిపోతే? సగానికి సగం అన్నది ఆయనే. మొదటిసారి కాకపోతే రెండోసారి పోతుంది. వచ్చేసరికి సొమ్ముండదు, ఇక లేచి రావడమే. ఓడిపోవడానికి ఎంతసేపు కావాలి?

నిలబడితే సీటు అడ్డొచ్చి మీటలు అందడం లేదు. సీటు అంచు తడిగా మెరుస్తోంది. ఆ రుమాలు తప్ప పొడిగా ఉన్న చోటు లేదు. ఊపిరి బిగబట్టి దాని మీదే కూర్చుంది. బ్యాగులోంచి వైప్ తీసి మీట తుడిచింది. తెల్లటి వైప్ గోధుమరంగులోకి తిరిగింది. డబుల్ నొక్కింది.

మీట గట్టిగా లేదు. మెత్తగా, గోరువెచ్చగా ఉంది. అటువైపు నుంచి ఎవరో వేలు ఆనించి ఉంచినట్టు...

మెషీన్ తొమ్మిది చూపించింది. ఆవిడ తీసింది రాణి. అయిదొందలు.

మళ్ళీ నొక్కింది. మెషీన్‌ది జాకీ. ఆవిడది రాజు. వెయ్యి.

"ఛీ," అంది. ఆ గదిలో గెలిచి ఛీ అన్నది ఆవిడొక్కతే.

మళ్ళీ. మెషీన్‌ది రాజు. ఇక పోయినట్టే అనుకుంది. ఆవిడది కళావరు ఆసు. రెండు వేలు.

నాలుగోసారి మెషీనే ఆసు తిప్పింది. ఇస్పేటు ఆసు. దాన్ని మించిన ముక్క పేకలో లేదు. హమ్మయ్య అనుకుని కొసనున్న ముక్క నొక్కింది. అది మెల్లగా తిరిగింది.

బొమ్మ లేదు. అంకె లేదు. నీలం గళ్ళు...

మెషీన్ గంటలు మోగించింది. నాలుగు వేలు.

అప్పుడు తెలిసింది. తను కూర్చున్నది సీటు మెత్త మీద కాదు. రుమాలు కింద రెండు పొడుగాటి ఎముకలున్నాయి. మధ్యలో సందుంది. మనిషి ఒళ్ళు ఆవిడకి కొత్త కాదు. అవి తొడలు. సన్నటి, చల్లటి తొడలు.

తను ఎవరి ఒళ్ళోనో కూర్చుని ఉంది.

లేవబోయింది. కింద ఒక మోకాలు కదిలింది. పైకీ... కిందకీ... చంటిదాన్ని ఆడించినట్టు. మెడ వెనక తడిగా ఊపిరి తగిలింది. పులిసిన బీరు. పదకొండు నెలలు ఆయన కూర్చున్నది దీని మీదే. ఆవిడకి పుల్లటి నీళ్ళు గొంతుదాకా వచ్చాయి.

"ఇంకోసారి..."

చెవి వెనక ఆ మాట ఏ భాషో తెలియలేదు. అర్థమైంది.

ఆవిడ నొక్కలేదు. వేలు నొక్కింది.

ఫోన్ మోగింది. ద్వారకానాథ్.

"ఎక్కడున్నారు?" ఖాళీగా ఉన్న చేత్తో ఫోనెత్తి అడిగింది.

"ఇంట్లో."

"ఎప్పుడెళ్ళారు?"

"మూడింటికే వచ్చేశాను, బస్సులో. ఇంకా అక్కడే ఉన్నావా? ఛీ... చెప్పడానికి నోరు రావట్లేదు. బాత్రూం నుంచి వచ్చి చూస్తే పరాయివాడి ఒళ్ళో కూర్చుని నవ్వుతున్నావు. పళ్ళన్నీ కనపడేలాగ. రెండుసార్లు పిలిచా. తిరిగి చూళ్ళేదు."

"వాడు... ఎలా ఉన్నాడు?"

"మొహం కనపళ్ళేదు, నువ్వు అడ్డున్నావు. చేతులు కనపడ్డాయి. నీ వేళ్ళ కింద వాడి వేళ్ళు మెలేసి, నీ చేత నొక్కిస్తున్నాడు."

తలెత్తింది. గోడ గడియారంలో ఆరుంబావు.

పక్కకి ఒరిగి, బలమంతా పెట్టి కింద పడింది. అరచేతులు తడి తివాచీలో దిగబడ్డాయి. లేచి పరుగెత్తింది. డబ్బు తీసుకోలేదు. రుమాలు తీసుకోలేదు. గాజు తలుపు దగ్గర ఒక్కసారి తిరిగి చూసింది. ఖాళీ సీటు ముందు డబుల్ మీట వెలిగి ఆరుతోంది... మధ్యమధ్య లోపలికి దిగుతోంది.

ద్వారకానాథ్ మళ్ళీ క్లబ్బు పేరెత్తలేదు. మెంబర్‌షిప్ కార్డు రెండు ముక్కలు చేసి చెత్తలో పడేశాడు. ఆ గదిని తల్చుకుంటే డోకొస్తోందన్నాడు. ఆవిడకి కావలసింది అదే. కాకపోతే సోఫాలో ఆవిడ పక్కన కూర్చోవడం కూడా మానేశాడు. ఆదివారం ఆవిడ మూడుసార్లు స్నానం చేసింది. డెట్టాల్ సీసా సగమైంది. వేలికొస దగ్గర ఆ గోరువెచ్చదనం పోలేదు.

సోమవారం పొద్దున్న ఏడున్నరకి సెంటర్ తెరిచింది. మొదట వచ్చింది జోజయ్య. కాకినాడ వైపు పెద్దాయన, చక్కెర పరీక్ష కోసం నెలనెలా పరగడుపున వస్తాడు. శ్యామసుందరి అటు తిరిగి ట్యూబులకి పేరు అంటిస్తోంది.

"కూర్చోండి అంకుల్."

కుర్చీ చప్పుడు కాలేదు.

"కూర్చుని చెయ్యి చాపండి."

"తొందరేం లేదమ్మా. వాళ్ళదయ్యాక కూర్చుంటాలే."

"ఎవరిది?"

"రుమాలేసుకుని కూర్చున్నారు కదా."

ఆవిడ తిరిగింది.

రక్తం తీసే కుర్చీ మీద నీలం గళ్ళ రుమాలు. దాని అంచు నుంచి నేల మీదకి ఒక చుక్క జారింది. ఆ వాసన... రుమాలు కింద మెత్త కుంగి ఉంది. ఒక మనిషికి కుంగే లోతు కాదు, ఇద్దరికి కుంగే లోతు. ఆవిడ చూస్తుండగానే అందులో సగం మెల్లగా పైకి లేచింది. పెద్దాయన నిలబడ్డారని ఒళ్ళో కూర్చున్నవాడు లేచి చోటిచ్చినట్టు.

మిగతా సగం అలాగే ఉంది.

"చల్లగా ఉండు బాబూ," అని, జోజయ్య కూర్చోడానికి వంగాడు.