డోన్యా ఎలుతేరియా మలుపులో ఫోన్ల బుట్ట

పోర్టోరికో కొండల్లో కెబ్రాడా ఓండా అని ఒక పల్లె. పొద్దు వాలాక ఆ పల్లె దారిలో డోన్యా ఎలుతేరియా మలుపు దాటాలంటే ఎంతటివాడికైనా కాళ్లు తడబడతాయి. అక్కడ పెద్దావిడని డోన్యా అనీ, పెద్దాయన్ని డాన్ అనీ గౌరవంగా పిలుస్తారు. ఆమె ఎప్పుడో పోయింది, ఇల్లూ కూలింది. బతికున్న రోజుల్లో వాకిట్లో కూర్చుని, "దీవించు తల్లీ" అనకుండా పోయేవాణ్ణి పేరు పెట్టి పిలిచి నిలదీసేదట. పెద్దల దీవెన అడక్కుండా పోయేవాడూ ఒక మనిషేనా అని ఆవిడ కోపం. పోయాక కూడా ఆ అలవాటు మానలేదంటారు... వెనక నుంచి... మెల్లగా... పేరు పెట్టి పిలుస్తుందట.

ఆ పల్లెలోనే ఉండే ఎఫ్రాయిన్ మాత్రం నవ్వేవాడు. "చచ్చినావిడకి నన్ను దీవించే తీరిక ఎక్కడిది?" అనేవాడు. అంటూనే ఆ మలుపు రాగానే జీపు వేగం పెంచేవాడు. భయం కాదట, పని తొందరట.

పెద్ద తుఫాను వచ్చి వెళ్లాక పల్లెలో కరెంటు లేదు, సిగ్నల్ లేదు. నడిచే బండి అంటే ఎఫ్రాయిన్ పాత జీపు ఒక్కటే. అది ఎటు బయల్దేరినా ఊరి ఫోన్లన్నీ ఛార్జింగుకని ఒక రొట్టెల బుట్టలో వెనక సీటెక్కేవి. సిగరెట్ లైటర్ కన్నంలో యూఎస్‌బీ అడాప్టర్, దాని చుట్టూ తల్లికోడి దగ్గర పిల్లల్లా తీగలు.

ఆ రోజు పెట్రోలుకి పట్నం వెళ్లబోతుంటే మళ్లీ అందరూ మూగారు.

"నా ట్యాబ్ ముందు పెట్టరా," అన్నాడు ముసలి డాన్ తిబూర్సియో.

"నీ ట్యాబ్ దున్నపోతులా తాగేస్తుంది తాతా. ఇంతా చేసి దేనికి? డామినో ఆటలో దాని చేతిలో ఓడిపోవడానికేగా?"

"నీ చేతిలో ఓడటం కన్నా నయం లేరా!"

చూపు ఆనని డోన్యా ప్రొవిదెన్సియా తన ఫోన్ తడుముతూ అందించింది. "జాగ్రత్త నాయనా. నా కళ్లు అదే," అంది.

చివరికి ఎఫ్రాయిన్ తల్లి క్రూసిటా జీపు కిటికీ దగ్గరికొచ్చింది. రోజూ అడిగేదే, గొంతు తగ్గించి అడిగింది. "అక్క కబురేమైనా..."

అక్క నోయెలియా సముద్రం ఒడ్డున ఊళ్లో ఉంటుంది. తుఫాను రాత్రి అక్కడ సముద్రం వీధుల్లోకి వచ్చిందని విన్నారు. ఆ తర్వాత ఒక్క మాట లేదు. ఎఫ్రాయిన్ ఫోన్ అయితే వరదలోనే పోయింది.

"అక్కకేం, బాగానే ఉంటుందిలే అమ్మా," అన్నాడు. ఆ మాట అనడం రోజురోజుకీ కష్టమవుతోంది. పెట్రోలు వరుసలో నిలబడ్డ ప్రతివాణ్ణీ అతడు అడుగుతూనే ఉన్నాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఆకు కదలడం లేదు. మలుపు తిరిగాడో లేదో - దారికి అడ్డంగా ఒక వెదురు బొంగు!

జీపు ఆపాడు. పెట్రోలు బంగారమైపోయిన రోజులు, ఇంజనూ ఆపాడు. హెడ్‌లైట్లు మాత్రం వెలగనిచ్చాడు. బుట్టలో ఫోన్లూ ట్యాబూ తాగుతూనే ఉన్నాయి. కత్తి తీసుకుని బొంగు నరకడం మొదలుపెట్టాడు. కూలిన ఇంటి వైపు చూడకూడదనుకున్నాడు. నాలుగైదుసార్లు చూశాడు.

లైట్లు పసుపెక్కాయి... ఎర్రబారాయి... ఆరిపోయాయి.

ఒక్క గెంతులో జీపెక్కి తాళం తిప్పాడు. టిక్. మళ్లీ తిప్పాడు. టిక్. అడాప్టర్ మీది చిన్న నీలి దీపం కూడా కన్ను మూసింది. హెడ్‌లైట్లూ ఊరి ఫోన్లూ కలిసి బ్యాటరీని పీల్చి పిప్పి చేశాయి.

చిమ్మచీకటి. కప్పలు కూడా నోరు మూసుకున్నట్టున్నాయి.

అప్పుడు... వెనక సీట్లోంచి...

"ఎఫ్రాయిన్."

ఆడగొంతు. తడి లేని గొంతు. కోపమూ లేదు, ప్రేమా లేదు.

"ఒరేయ్ ఎఫ్రాయిన్. బతికే ఉన్నావా."

అతడి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరగలేదు. స్టీరింగ్ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, "ఉ... ఉన్నాను తల్లీ. బుద్ధొచ్చింది. దీవించు తల్లీ!" అన్నాడు.

గొంతు ఆగలేదు. అదే తీరున, మాట మీద మాట పేర్చుకుంటూ పోయింది.

"ఉంటే అమ్మకి చెప్పు. నేను బతికే ఉన్నాను. ఇల్లు పోయింది. పిల్లలు క్షేమం. బడిలో తలదాచుకున్నాం. నీకు ఫోన్ కలవక డోన్యా ప్రొవిదెన్సియాకి పంపుతున్నాను. నోయెలియా."

అక్క పేరు వినగానే గిర్రున వెనక్కి తిరిగాడు. బుట్ట మీద కప్పిన తువ్వాలు లాగాడు. ప్రొవిదెన్సియా ఫోన్ వెలుగుతోంది. చూపు లేనావిడకి సందేశాలు చదివి పెట్టే ఫోన్ అది. పట్నంలో కొత్తగా నిలబెట్టిన టవరు అతడు బయల్దేరాకే పనిచేయడం మొదలైనట్టుంది, దాని సిగ్నల్ కొండల సందులోంచి సరిగ్గా ఈ మలుపుకే అందుతోంది. చూస్తుండగానే మిగతా ఫోన్లూ ఒక్కొక్కటే టింగుమన్నాయి. బుట్ట నిండా వెలుగు. ఎఫ్రాయిన్ దాన్ని ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఫోన్ల వెలుగులో మిగిలిన బొంగు నరికేసి, జీపుని పల్లానికి తోసి, దొర్లుతుండగా గేరులో వేస్తే ఇంజను అందుకుంది. ఇంటికి చేరి ఆ కబురు తల్లికి మూడుసార్లు వినిపించాడు. ఆమె ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని అడిగింది.

"మరి ఆవిణ్ణి దీవెన అడిగావా?"

"పిలిచింది ఫోనమ్మా! దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

"ఫోనే, కాదన్లేదు. రోజూ ఆ మలుపు పరుగున దాటేవాడివి. ఇవాళ ఆగబట్టే కదా అది పలికింది? ఆకు కదలని సాయంత్రం ఆ వెదురు అడ్డంగా పడేసిందెవరు?"

ఎఫ్రాయిన్ లేచి వెళ్లి తలుపు గడియ వేశాడు.

మర్నాటి నుంచి సిగ్నల్ కోసం పల్లె పల్లెంతా ఆ మలుపులోనే. కాఫీ ఫ్లాస్కులు, కుర్చీలు, డాన్ తిబూర్సియో ట్యాబు, అన్నీ అక్కడికే చేరాయి. వచ్చినవాళ్లంతా ముందు కూలిన ఇంటి వైపు తిరిగి దీవెన అడిగారు. అందరికన్నా గట్టిగా, టోపీ తీసి మరీ అడిగినవాడు ఎఫ్రాయిన్.

ఇంజను మాత్రం ఆపలేదు.