చిత్రిక పట్టుకెళ్ళిన ఆడపడుచు

రోజూ పొద్దున్నే తండ్రికి బీపీ చూసి, ఆ తర్వాత క్లినిక్ తెరవడం పండుకి అలవాటు. ఆమె పళ్ళ డాక్టరు. వీధిలో అందరికీ డాక్టరమ్మ, నలభై దాటినా తండ్రికి మాత్రం పండే. ఆ రోజు బీపీ మెషిను పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి తండ్రి బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద కోడలి అరచెయ్యి పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీస్తున్నాడు.

"కదపకమ్మా. కిటుకంతా బొటనవేలు దగ్గరే ఉంటుంది."

"చక్కిలిగిలి పెడుతోంది మావయ్యా!" అంటూ వదిన నవ్వుతోంది.

పండుకి ఒళ్ళు మండింది. పెద్దాయన వడ్రంగిగా మొదలై కుర్చీల ఫ్యాక్టరీ దాకా ఎదిగిన మనిషి. చేతికి పిడి అమరకపోతే పని కుదరదని ఆయన నమ్మకం. అందుకే తన దగ్గర చేరిన ప్రతి పనివాడి చెయ్యీ కొలిచి, ఉలికీ సుత్తికీ కొత్త పిడి చెక్కి ఇచ్చేవాడు. ఇన్నేళ్ళలో కన్నకూతురి చెయ్యి మాత్రం ఒక్కసారీ కొలవలేదు.

"ఏంటి నాన్నా, పొద్దున్నే చెయ్యి చూసి జాతకం చెబుతున్నావా?"

"వదినకి ఉలి పిడి చేస్తున్నానే. షెడ్డు తాళం కూడా తనకే ఇచ్చేశా. శనివారం తెరుస్తున్నాం."

"అబ్బో, తాళాలు కూడానా! బాగుంది." పండు బీపీ పట్టీ గట్టిగా బిగించింది. "నూట యాభై. ఉప్పు మానెయ్యి."

"మెషిను సరిగ్గా చూడు. అది నీ బీపీ అయ్యుంటుంది," అన్నాడు పెద్దాయన. వదిన పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. అది చూసి పండుకి ఇంకా మండింది.

ఫ్యాక్టరీ అమ్మేశాక వాళ్ళు కుటుంబం పేరు మీద ఒక ట్రస్టు పెట్టుకున్నారు. ఏటా నాలుగు బడులకి చెక్కులివ్వడం, దండలు వేయించుకోవడం, ఫొటో దిగడం, ఇంతే దాని పని. పాత షెడ్డు మాత్రం మూడొందల పనిముట్లతో సహా తాళం వేసి పడి ఉంది. లైబ్రరీలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న వదిన మొన్న మీటింగులో లేచి, "మన అసలు ఆస్తి ఆ షెడ్డే కదా మావయ్యా! పుస్తకాలు ఇచ్చినట్టు పనిముట్లు కూడా ఇద్దాం. కొనుక్కోలేనివాళ్ళు పట్టుకెళ్ళి, పని చేసుకుని తెచ్చిస్తారు. పిల్లలకి బెంచీలు చేయించడానికి చెక్కులు ఇస్తున్నాం గానీ, ఆ బెంచీలు చేసేవాడి చేతిలో రంపం ఉందో లేదో అడగలేదు," అంది.

పెద్దాయన మొహం వెలిగిపోయింది. పళ్ళ శిబిరం పెడదామని కూతురు మూడేళ్ళు అడిగితే "చూద్దాంలేవే" అన్న నోరే అది. వదిన ఒక్కసారి అడగగానే ఆయన "భేష్" అన్నాడు. ఆ 'భేష్' పండు చెవుల్లో ఇంకా మోగుతోంది.

ఆ మధ్యాహ్నం చూసిపోదామని వచ్చినట్టు షెడ్డుకి వెళ్ళింది. గోడకున్న పెద్ద చెక్క పలక మీద ప్రతి పనిముట్టు చుట్టూ నల్లరంగుతో దాని ఆకారం గీసి ఉంది. ఏది తీసినా వెనకాల ఖాళీ బొమ్మ పట్టించేస్తుంది. మధ్యలో తండ్రి సొంత చిత్రిక ఉంది. షెడ్డులో మిగిలిన చిత్రిక అదొక్కటే. చెక్కని నున్నగా చేసే ఆ పనిముట్టుకి ఆయన బొటనవేలు నలభై ఏళ్ళు రాసుకుని గుంటపడింది. తొమ్మిదేళ్ళప్పుడు దాన్ని ముట్టుకునే పండు వేలు కోసుకుంది. ఆ రోజు నుంచే ఆమెకి షెడ్డు గుమ్మం తొక్కే యోగం లేకుండా పోయింది.

వదిన అవతల చీటీలు కత్తిరిస్తోంది. పండు చిత్రిక తీసి బ్యాగులో కుక్కేసుకుంది. దొంగతనమని ఆమె అనుకోలేదు. ఊళ్ళోవాళ్ళందరి చేతుల్లోనూ నలగబోయే నాన్న వస్తువు ఒక్కటైనా తనకు మిగలాలనుకుంది, అంతే. క్లినిక్‌లో సొరుగులో పెట్టేముందు ఒకసారి పట్టుకుని చూసింది. ఆ గుంటలో బొటనవేలు చక్కగా ఒదిగిపోయింది. 'వదిన చేతికి ఒదుగుతుందా ఇలాగ?' అనుకుని సంబరపడింది. శనివారం అందరి ముందూ ఆ ఖాళీ బొమ్మ బయటపడి వదిన మొహం మాడిపోతే చూడాలని కూడా అనుకుంది. మనసులో మాటే కాబట్టి సిగ్గు వెయ్యలేదు.

శనివారం మొదట వచ్చినవాడు ఒక వడ్రంగి. వరదలో పనిముట్లన్నీ కొట్టుకుపోతే, ఏడాదిగా మార్కెట్లో మూటలు మోస్తున్నాడట.

"నాలుగు తలుపుల పని దొరికిందయ్యా. మంచి చిత్రిక ఉంటే సోమవారం మొదలెడతా. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు."

మూల నిలబడ్డ పండు వదిన మొహం వైపు చూసింది. పెద్దాయన పలక దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. ఖాళీ బొమ్మ మీద మేకుకి ఒక చీటీ వేలాడుతోంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని పైకే చదివాడు.

"తీసుకున్నవారు, పండు. గడువు పదిహేను రోజులు." ఆయన మొహం విప్పారింది. "అరే, మా అమ్మాయి పట్టుకెళ్ళిందయ్యా! మొదటి సభ్యురాలు మా పండే!"

వదిన తలెత్తలేదు. రిజిస్టరులో ఏదో రాసుకుంటూ ఉండిపోయింది.

"అయితే పదిహేను రోజులు ఆగాలా అయ్యా?" వడ్రంగి ఖాళీ బొమ్మ వైపు ఓసారి చూసి, "సర్లెండి," అని చెప్పులు వేసుకున్నాడు.

ఆ "సర్లెండి" పండు గుండెల్లో కలుక్కుమంది. వదిన మీద విసిరిన రాయి ఎవరికి వెళ్ళి తగిలిందో అప్పుడు తెలిసొచ్చింది.

"ఆగండి! వెళ్ళకండి!" అని అరిచి, రోడ్డుకి అవతలున్న క్లినిక్‌కి పరుగెత్తింది. రొప్పుతూ తిరిగొచ్చి చిత్రికని బల్ల మీద పెట్టి బావురుమంది.

"నేను సభ్యురాల్నీ కాదు, ఏమీ కాదు నాన్నా. చెప్పకుండా ఎత్తుకుపోయాను. అన్నీ వదినకే ఇస్తున్నావు, తాళం, పిడి, మెచ్చుకోళ్ళు అన్నీ! ఇన్నేళ్ళలో నా చెయ్యి ఒక్కసారైనా కొలిచావా?"

పెద్దాయన తెల్లబోయాడు. వణుకుతున్న చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, తన అరచేతికి ఆనించాడు. అదే వెడల్పు, బొటనవేలికి అదే వంకర.

"నీ చెయ్యి కొలవడమెందుకే పిచ్చిదానా? నా చెయ్యేగా ఇది! పరాయి ఇంటినుంచి వచ్చిన పిల్ల చెయ్యి తెలీదు కాబట్టి తనది కొలిచాను." ఆయన ఆమె వేలి మీద పాత మచ్చ తడిమాడు. "ఆ రోజు ఆ రక్తం చూసి భయపడిపోయానమ్మా. ఆ భయంతోనే నిన్ను ఇన్నేళ్ళు దూరం పెట్టాను. తప్పు నాదే."

పండు చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని వదిన వైపు తిరిగింది.

"నీకు తెలుసు కదూ?"

"జిప్పు పట్టక చిత్రిక మూతి బ్యాగులోంచి తొంగి చూస్తూనే ఉంది పండూ," అంది వదిన. "లైబ్రరీలో పుస్తకం కనబడకపోతే ముందు చీటీ వెతుకుతాం. చీటీ లేకపోతే, రాయడం మర్చిపోయింది మేమే అనుకుని, రాసి పెడతాం."

పండు మేకు మీది చీటీ తీసి, వెనక వడ్రంగి పేరు రాసి మళ్ళీ తగిలించింది. చిత్రికని తనే ఆయన చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలు ఆ గుంటలో సరిగ్గా కుదరలేదు. అటూ ఇటూ కదిపి చూసుకుంటున్నాడు.

పండు బల్ల మీంచి ఒక కాగితం లాగి, పెన్సిలు తండ్రికి అందించబోయి ఆయన వణుకుతున్న వేళ్ళు చూసి ఆగింది.

"ఎలా గియ్యాలో చెప్పు నాన్నా, నేను గీస్తాను," అని వడ్రంగి వైపు తిరిగింది. "చెయ్యి ఇలా పెట్టండి. కదపకండి."