కొసరిచ్చిన పందిపిల్ల

మట్టిగుర్రం చెవిని దూదిలో చుట్టి సంచిలో వేసుకున్నాడు సన్యాసయ్య. సెలూన్ యజమాని అద్దం వైపు తిరిగి నిలబడ్డాడు గానీ, చెవి వెళ్ళిపోవడం అందులోనూ కనిపిస్తూనే ఉంది.

"తాతల నాటిదండి," అన్నాడు.

"గుర్రం పైనుంది కదయ్యా. చెవి గుర్రం దగ్గరికే పోవాలి," అన్నాడు సన్యాసయ్య. రోజూ అనే మాటే.

పైనంటే కక్ష్యశాల. చైనా సమాధుల్లో దొరికిన మట్టిబొమ్మలు, కూజాలు ఇప్పుడు అందులో కూర్చుని భూమి చుట్టూ తిరుగుతున్నాయి. కింద ఎవరింట్లో పెంకు ఉన్నా దాని మట్టిముద్రను కూర్పు అనే యంత్రం చదువుతుంది. పైనున్న బొమ్మతో ముద్ర కలిస్తే, పెంకు తేవడానికి సన్యాసయ్య లాంటి కూర్పరిని పంపుతుంది. అంశం పూర్ణాన్ని చేరాలన్నది నియమం. ఏది అంశమో, ఏది పూర్ణమో కూర్పరి తేల్చి వేలు ఒత్తాలి. ఆ ప్రశ్న దగ్గర ఇంతవరకు ఎవరూ ఆగలేదు. పెద్దది పూర్ణం, చిన్నది అంశం. సన్యాసయ్య కూడా చూడకుండానే ఒత్తేవాడు.

మణికట్టు మీద తరువాతి చిరునామా వెలిగింది. అది చదివి, మునిగిన బీచ్ రోడ్డు మీదుగా అటే పోయే పడవ వచ్చినా ఎక్కకుండా ఇంకో పడవ కోసం నిలబడ్డాడు.

మాణిక్యాంబ ఇల్లు పాత ఓడరేవు గట్టు మీద. ఉద్యోగం చేసినన్నాళ్ళూ క్రేను నడిపిన మనిషి. జీతం అందగానే సన్యాసయ్య పాతబొమ్మల కొట్టుకు వచ్చేది. అప్పట్లో అతనికి కొట్టుండేది, బేరం ఆడే హక్కూ ఉండేది. ఆమె అలమరలో మట్టితో చేసిన ఒక పొయ్యి, ఒక బావి, మెడ తిప్పి చూసే కుక్క, బాతు మూతి కూజా ఉన్నాయి. చచ్చిపోయినవాళ్ళకు పరలోకంలో పనికొస్తాయని ఎన్నడో కాల్చి పాతిపెట్టిన సంసారమంతా అతని చేతి మీదుగానే ఈ ఇంటికి చేరింది.

"ఏటి సన్యాసీ, ముకం అలాగుంది? ముందు టీ తాగుతావా, నిజం సెప్తావా?"

"టీ ఇయ్యక్కా."

"అయితే పెద్ద నిజమే."

గ్లాసు చేతికిచ్చి సంచి వైపు చూసింది. "కుక్కా?"

"కాదు."

"బాతా?"

"పందిపిల్ల."

మాణిక్యాంబ కూర్చుంది. కొంగు ముడి విప్పి బొటనవేలంత పందిపిల్లను అరచేతిలో పెట్టుకుంది. "ఇది నాతో క్రేనెక్కింది. తుపానుకి కేబిన్ ఊగినప్పుడు గుప్పిట్లో ఎట్టుకుని కూకునేదాన్ని. మిగతావన్నీ నాను కొన్నాను. దీన్ని కొన్లేదు."

"కొసరు. ఆ రోజు కుక్క కోసం గీసి గీసి బేరమాడి, కొసరియ్యకపోతే కొట్టు మూయనియ్యనన్నావు."

"మరి? కొసరు ఎనక్కడిగిన బేరగాణ్ణి ఎక్కడైనా సూసేవా?"

సన్యాసయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. లాభాలు చూశాడు, మోసపోయాడు, ఒకటి రెండుసార్లు మోసం చేశాడు కూడా. కొసరు మాత్రం ఎన్నడూ తిరిగి అడగలేదు. సరుకు లెక్క ప్రకారం ఇస్తాం. కొసరొక్కటే మనసుపడి ఇస్తాం. కానీ తను కాదంటే సాయంత్రానికల్లా ఇంకో కూర్పరి వస్తాడు. పిల్ల ఎలాగూ పోతుంది.

"ఇలా ఇయ్యి," అన్నాడు.

మణికట్టు మీంచి కూర్పు గాలిలో పైనున్న బొమ్మను వెలిగించింది. దొడ్డి, అందులో పక్కకు వాలిన తల్లిపంది, ఆకుపచ్చ మెరుగు మీద వెండి పొర. పొదుగు దగ్గర పిల్లలు వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక పిల్ల ఊడిన చోట గరుకు మచ్చ.

సన్యాసయ్య వేలు తడిపి పిల్ల పొట్ట మీద రాసి వాసన చూశాడు. తొలకరి వాసన. తిప్పి తిప్పి చూశాడు. కుమ్మరి దాన్ని విడిగా చేసి తడిమట్టితో అంటించాడు. ఊడినప్పుడు పిల్లకేమీ పోలేదు. మూతి, చెవులు, చుట్టుకున్న తోక, అన్నీ ఉన్నాయి. గాయం తల్లిదే.

బేరగాడి బుర్ర చాలాకాలానికి కదిలింది. ఎవరు ఎవరి గుమ్మం ఎక్కాలన్నది కొట్లో కూర్చున్న రోజుల్లో అతనికి అనుమానమే ఉండేది కాదు. లోటున్నవాళ్ళే ఎక్కుతారు.

"పూర్ణం ఏది?" అడిగింది కూర్పు.

"పందిపిల్ల."

ఎప్పుడూ ఆగని కూర్పు ఆగింది. "పరిమాణం సరిచూడండి."

"నియమంలో పరిమాణం మాట ఉందా?"

"లేదు."

"పిల్లలో లోటేదైనా ఉందా?"

"లేదు."

"తల్లిలో?"

"ఒక పిల్ల లోటు."

"అయితే దొడ్డి అంశం. దింపించు." వేలు ఒత్తాడు.

మాణిక్యాంబ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓరి నాయనో! నీ ఉజ్జోగం పీకేస్తారు."

"పీకేస్తే మళ్ళీ కొట్టెట్టుకుంటాను."

"నమోదైంది," అంది కూర్పు. మళ్ళీ ఆగింది. "ఈ లెక్కన పాత జతలన్నిటి గురించీ మళ్ళీ ప్రశ్న అడగాలి. గుర్రం అంచు విరిగింది. చెవి అంచూ విరిగింది. పూర్ణం ఏది?"

"నన్నడక్కు. ఆ సెలూనాయన్నడుగు. చెవి పట్టుకెళ్తున్నాను, గుమ్మంలో ఉండమను."

మణికట్టు ఆగకుండా వెలుగుతోంది. మూతలు, పిడులు, ఒంటె మూపురాలు, అన్నిటి గురించీ అదే ప్రశ్న. మాణిక్యాంబ అప్పటికే అలమరలో పొయ్యిని పక్కకు జరుపుతోంది.

"దొడ్డి ఎంతుంటది?"

"పీటంత."

"సరిపోద్ది. అంత దూరం నుంచి సరుకొస్తంది, మరి కొసరేటి?"

పందిపిల్లను ఆమె చేతిలో పెట్టి సన్యాసయ్య సంచి భుజానికెత్తుకున్నాడు. "తల్లితో పాటు దీని అక్కచెల్లెళ్ళూ దిగుతున్నారు కదక్కా. ఇంకేం కొసరు కావాలి?"