చీకట్లో కోళ్ళని పిలిచేదెవరు?

మా పిన్ని వాళ్ళ వరస ఇళ్ళ వెనక బట్టలుతికే గది ఒకటి ఉండేది. వాడకం మానేసి ఏళ్ళయింది. పైకప్పు సగం కూలింది, తలుపు ఎప్పుడో ఎవరి పొయ్యిలోకో పోయింది. లోపల ఎండిపోయిన సిమెంటు తొట్టి, పక్కనే బోర్లించిన రేకు టబ్బు… ఎవరో ఆ తొట్టిలో పడి చచ్చిపోయారని చెప్పుకునేవాళ్ళు. ఎవరంటే ఎవరికీ తెలీదు. మనిషి పేరు తెలీదు గానీ దెయ్యం మాత్రం ఖాయం! అటువైపు చెత్త పారెయ్యడానికి మగాళ్ళు పట్టపగలు కూడా ఇద్దరిద్దరుగా వెళ్ళేవాళ్ళు. ఎందుకయ్యా అంటే — చెత్త బరువట.

ఆ కథ విని నవ్వాను. 'దెయ్యాలు లేవు' అని కాలేజీలో వాదించి కప్పు గెలుచుకొచ్చిన సాయంత్రం అది, నవ్వనా మరి? మా పిన్ని నవ్వలేదు. కుట్టుమిషను ఆపి, తల ఎత్తకుండానే చెప్పింది. ఆవిడ చెప్పిందే మీకు చెబుతున్నాను.

పిన్ని అప్పట్లో బడిపిల్లల చొక్కాలు కుట్టేది. పక్కింట్లో గుడ్ల మామ్మ. పేరేమిటో ఎవరూ అడగలేదు, గుడ్లు అమ్మేది కాబట్టి గుడ్ల మామ్మ. కొడుకు లారీ మీద పోతే నెలకోసారి ముఖం చూపించేవాడు. ఇంట్లో మామ్మ, కోడలు, పెరట్లో తొమ్మిది కోళ్ళు. అత్తాకోడళ్ళిద్దరూ రోజంతా కీచులాడుకునేవాళ్ళు. రాత్రి ఒకే కంచంలో తినేవాళ్ళు. వీధికి కీచులాటే వినపడేది. కంచం ఎవరికి కనబడుతుంది?

తొమ్మిదింటిలో ఒకటి మహారాణి. తెల్ల కోడి. మామ్మ ఒళ్ళో కూర్చుని కునికేది.

ఆ రోజు పిన్ని ఇరవై తెల్ల చొక్కాలు ఉతికి మంచం మీద ఆరేసింది. ఎగిరిపోకుండా అంచులకి ఇటుక ముక్కలు పెట్టింది. మర్నాటికల్లా ఇవ్వాలి. మహారాణి గోడ దూకి, బురద కాళ్ళతో వాటి మీద నడిచింది. పిన్ని తోలింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోలింది. మూడోసారి…

చేతికందిన ఇటుక ముక్క విసిరింది.

తగలాలని కాదు. ఆ మాట పిన్ని నాతో నాలుగుసార్లు అంది — "తగలాలని కాదే."

కోడి అరవనైనా లేదు. ఒక్కసారి రెక్క కొట్టుకుంది… అంతే. పిన్ని అటూ ఇటూ చూసింది. కొంగులో చుట్టుకుని గబగబా వెనక్కి పోయి, ఆ గదిలో రేకు టబ్బు ఎత్తి, దాని కింద పెట్టేసింది. దెయ్యాల గది కదా. ఎవరొస్తారు?

పొద్దు వాలే వేళ మామ్మ గుమ్మంలోకి వచ్చింది. "అమ్మాయ్, మా మహారాణి గానీ ఇటొచ్చిందా?"

పిన్ని నోట్లో గుండుసూదులున్నాయి. తల అడ్డంగా ఊపింది. అబద్ధానికి నోరు కూడా అక్కర్లేకపోయింది.

"టార్చి ఉంటే కాస్త సాయం రావే."

వెళ్ళింది! టార్చి పట్టుకుంది పిన్నే. పొదల్లో వేసింది, కట్టెల మోపు మీద వేసింది, కాలవలో వేసింది. ఆ గది వైపు మాత్రం వెయ్యలేదు. మామ్మ "బ్బా… బ్బా… బ్బా…" అని పిలుస్తూ తిరిగింది. చీకటి చిక్కబడగానే పిలవడం ఆపేసింది. "ఇక పిలిచి లాభం లేదే. పొద్దు గుంకితే కోడికి కళ్ళు కనబడవు, పెట్టిన చోటే ఉంటుంది. చీకట్లో కోళ్ళని పిలిచేవాడు పిచ్చోడు."

మర్నాడు పొద్దున్నే ఆరు గుడ్లు పంపింది. వెతికిపెట్టినందుకు.

నాలుగో రోజు రాత్రి మామ్మ నిద్రలోనే పోయింది.

మామ్మ పోయిన వారానికి ఒక కోడి పోయింది. పొద్దున గింజలు తిన్న కోడి, మధ్యాహ్నానికి కాళ్ళు చచ్చుబడి కూలబడింది. సాయంత్రానికి మెడ నేల మీద వాల్చేసింది. ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టు… దారంలా! గాయం లేదు. రక్తం లేదు. మర్నాడు రెండు. ఆ మర్నాడు ఇంకొకటి. అన్నింటికీ మెడలే.

వీధి ఊరుకుంటుందా? తెగులంది, పామంది, ఎండదెబ్బంది. చివరికి — "ముసల్ది తన కోళ్ళని తను తీసుకుపోతోంది" అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. దెయ్యాన్నైతే క్షమిస్తారు గానీ కోడలిని క్షమిస్తారా? కుళాయి దగ్గర ఒకావిడ గొంతు తగ్గించి మొదలెట్టింది. "కోళ్ళకి పెట్టిందే అత్తకీ పెట్టుంటుంది… రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవకపోవడమేంటి?"

సాయంత్రానికి ఆ ముక్క, తలకొరివి పెట్టి కొడుకు మళ్ళీ ఎక్కిన లారీ దాకా చేరింది. కొడుకు కబురు పెట్టాడు: శనివారం పొద్దున్నే దిగుతున్నాను, దాన్ని పెట్టె సర్దుకోమనండి.

కోడలు బిందె పట్టుకుని కుళాయి దగ్గరికొస్తే మిగతా బిందెలు పక్కకి జరిగేవి. పిన్ని బిందె కూడా జరిగింది. ఆ సంగతి చెప్పేటప్పుడు పిన్ని దారం తెగింది. సూదిలోకి మళ్ళీ ఎక్కించడానికి చాలాసేపు పట్టింది.

అప్పటినుంచే ఆ పిలుపు మొదలైంది.

రాత్రి దీపాలార్పే వేళ… పాత గది వైపునుంచి… మెల్లగా…

"బ్బా… బ్బా… బ్బా…"

అచ్చం మామ్మ గొంతే. వీధి మొత్తం తలుపులు బిగించుకుంది. పిన్ని దిండు చెవులకి అదుముకుంది. దిండులోంచి కూడా వినపడింది.

శుక్రవారం పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చాడు. అందరి ఎదుటే చచ్చిన కోడిని కోశాడు. "తెగులైతే ఈపాటికి వీధిలో ఒక్క కోడి మిగలదు. పాము లేదు, మందూ లేదు." మెడ కింది మేత సంచి చీల్చి చూపించాడు. నిండా తెల్లటి పురుగులు. "ఇదిగో! ఎక్కడో ఏదో చచ్చి కుళ్ళుతోంది. దాని పురుగుల్ని ఇవి ఏరుకు తింటున్నాయి. ఆ పురుగుల్లో విషం పుడుతుంది. మెడ నిలవదు. వెతికి పాతెయ్యండి, ఇంకో కోడి చావదు."

"ఎవరు పడేశారో మరి," అంది కుళాయి ఆవిడ, కోడలి వంక చూస్తూ.

పిన్ని ఇంట్లోకొచ్చి గడియ పెట్టుకుంది.

ఆ రాత్రి పార తీసుకుని బయల్దేరింది. టార్చి వెయ్యలేదు. ఎవరూ చూడకుండా పాతేస్తే… ఇంక కోళ్ళు చావవు… అంతా సద్దుమణిగిపోతుంది… ఇదీ లెక్క. తన కాళ్ళ చప్పుడుకి తనే ఉలిక్కిపడుతూ గదిలోకి వెళ్ళింది. వాసన కొట్టింది. టబ్బు అంచు ఒక వైపు వంగి ఉంది — కోడి ముక్కు దూరేంత సందు. ఎత్తింది.

తెల్ల ఈకలు… వాటి కింద ఏదో కదులుతోంది.

"బ్బా…"

వెనకనుంచే!

"బ్బా… బ్బా…"

గుమ్మంలో మామ్మ శాలువా. మామ్మలాగే తల మీదుగా కప్పుకుని… అడ్డంగా నిలబడి ఉంది. పార జారి తొట్టి మీద పడింది. ఆ మోతకి కుక్కలు లేచాయి. పిన్ని "మామ్మా…" అనబోయి గోడకి జారిపోయింది.

శాలువా మెల్లగా తొలిగింది.

కోడలు.

హమ్మయ్య! పిన్నికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నువ్వా తల్లీ! చంపేశావు కదే… కోళ్ళ కోసం వచ్చావా?"

"చీకట్లో పిలిస్తే కోళ్ళు వస్తాయా అక్కా?"

పిన్ని నవ్వు ఆగిపోయింది.

"నీ కోసమే పిలిచాను. ఐదు రాత్రుల్నించి." కోడలి గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయానంది పిన్ని. "ఆ రోజు నేను వంటింటి కిటికీ దగ్గరున్నా. ఇటుక కనబడింది. నీ చెయ్యీ కనబడింది. ఇటు రావడమూ కనబడింది."

"మరి… చెప్పలేదే?"

"అత్తకి చెబితే గుండె పగిలేది. ఆవిడ పోయాక ఎవరికి చెప్పను? అత్తని చంపానంటున్న వాళ్ళకా?"

"పోనీ, ఇది నువ్వే తీసి పాతెయ్యాల్సింది…"

"నేను తీస్తే నేనే పెట్టానంటారు."

పిన్ని పార కోసం చీకట్లో తడిమింది.

"రేపు పొద్దున్నే ఆయన దిగుతాడక్కా."

"తెల్లారనీ… నేనే చెబుతా. ఒట్టు."

"తెల్లారేదాకా ఎందుకు? అటు చూడు."

పిన్ని చూసింది. వరస ఇళ్ళలో దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. కానీ ప్రతి కిటికీ రెక్కా వేలెడు తెరిచి ఉంది. పార మోతకీ, కుక్కల అరుపులకీ ఊపిరి బిగబట్టి వీధి మొత్తం చెవులు రిక్కించి ఉంది. దెయ్యం ఏమంటుందో విందామని.

పిన్ని నాలుక తడుపుకుంది.

"ఇటుక… ఇటుక విసిరింది నేనే."

కోడలు కదల్లేదు. కిటికీల వైపే చూస్తూ, మామ్మ శాలువా భుజం మీదికి సర్దుకుంది.

"వినపడలేదక్కా," అంది. "ఇంకొంచెం గట్టిగా."